పొరల్లో చేరిన నీరు

మిలూదా ఉప్పుమళ్ల మధ్య పెరిగింది. వాలీదియా తీరంలో వాళ్ల నాన్న పొద్దువాలగానే ఉప్పు రాశి మీద పట్టా కప్పేవాడు. "కప్పకపోతే సముద్రం మన ఉప్పును తిరిగి తాగేస్తుందమ్మా" అనేవాడు. అలాంటి తండ్రి కూతురు, అల్ జదీదా కళాశాల ప్రయోగశాలలో ఆరేళ్లుగా కొలిమి చూస్తున్న మనిషి, ఆ శుక్రవారం పొడిని గాలికి వదిలేసింది.

అది పరిశోధక విద్యార్థి జుహైర్ చేసుకున్న నల్లపొడి. అందులో మాంగనీసు, ఆక్సిజన్ కలిసి పొరలు కడతాయి. ఆ పొరల నడుమ సోడియం ఉంటుంది. తేమ తగిలితే నీళ్లూ అక్కడికే దూరి పొరల్ని ఎడం చేస్తాయి. అందుకే వేడి ఆరకముందే, పొడి కాల్చిన మూసను కొలిమిలోంచి తీసి, గాలి చొరని ఆర్గాన్ పెట్టెలో పెట్టాలి. మిలూదా తీసింది. సరిగ్గా అప్పుడే అత్తగారి ఫోను: ఏడు నెలల కూతురు రీమ్‌కి జ్వరం, కళ్లు తేలేస్తోంది. మూసను బల్ల మీద పెట్టి పరుగెత్తింది. అందరూ శుక్రవారపు కుస్కుస్ భోజనానికి ఇళ్లకి వెళ్లిన వేళ అది.

సోమవారం వచ్చేసరికి కిటికీ అద్దాలకి సముద్రపు మంచు పట్టి ఉంది. పొడి మాత్రం ఎప్పటిలాగే నల్లగా ఉంది. చప్పుడు చేయకుండా పెట్టెలో పెట్టేసింది.

బుధవారం జుహైర్ ఎక్స్-రే పటం పట్టుకుని వచ్చాడు.

"అక్కా, మొదటి శిఖరం ఎంత ఎడమకి జరిగిందో చూడు. పొరలు ఇంత దూరం జరిగిన పదార్థం మన ల్యాబులో ఎప్పుడూ రాలేదు. నీకు చేపల తాజీన్ నేనే వండి పెడతా."

"నువ్వే తిను."

"నా చేతి వంటంటే అంత భయమా?"

ఆమెకి నవ్వు రాలేదు. పది రోజుల్లో అతను సిద్ధాంత వ్యాసం ఇవ్వాలి. తను నోరు మెదపకపోతే ఆ అబద్ధపు అంకె అతని పేరు మీద అచ్చవుతుంది.

"తమ్ముడూ, అది కొత్త పదార్థం కాదు, నీళ్లు. మూడు రోజులు మూత లేకుండా వదిలేశాను. వదిలిందీ నేనే, దాచిందీ నేనే."

జుహైర్ పటాన్ని బల్ల మీద పెట్టాడు.

"వేడిచేస్తే నీళ్లు పోవా?"

"పోతాయి. నీళ్లు దూరినప్పుడు బయటికొచ్చిన సోడియం మళ్లీ తన చోటికి వెళ్తుందని చెప్పలేను."

"సోమవారమే చెప్పుంటే రెండు రోజులు దక్కేవి."

"అవును."

విసురుగా గుమ్మందాకా వెళ్లి ఆగాడు.

"పాపకెలా ఉంది?"

"నిన్నట్నించి పాలు తాగుతోంది."

అతను వెనక్కి వచ్చి, పొడిని మళ్లీ మొదట్నించి చేయడానికి త్రాసు ముందు కూర్చున్నాడు. వేడికి కొంత సోడియం ఎగిరిపోతుందని ఇద్దరూ కలిసి దాన్ని నూటికి ఐదు వంతులు ఎక్కువే తూచారు.

మర్నాడు మధ్యాహ్నం మూస పటకారులో ఉండగా బల్ల మీద మిలూదా ఫోను మోగింది, అత్తగారి నుంచే. ఆమె అడుగు తడబడింది, ఆగలేదు. జుహైర్ ఫోను ఎత్తాడు.

"అక్క చేతులు ఖాళీ లేవు, నాతో చెప్పండమ్మా."

పెట్టె తలుపు బిగించేదాకా మిలూదా అతని ముఖం చూడలేదు.