రెండూ పది సైజు గాజులు

అంబుజకు కుదురు తక్కువ. పావగడ బస్టాండు వెనక గాజుల అంగట్లో ముప్పై ఏళ్లుగా కూర్చున్నదన్న మాటే గానీ, ఒక్కచోట నిలిచింది లేదు. ఎదుటి మనిషి చెయ్యి ఒక్కసారి పిసికి సైజు చెప్పేస్తుంది. సోలార్ పార్కులో గడ్డి కోసే ఆడవాళ్లు కాయలు కాచిన చేతులతో వచ్చినా, నొప్పి తెలియకుండా గాజు ఎక్కించేస్తుంది. అలాంటి మనిషి సొంత చేతి దగ్గరే తప్పులో కాలేసింది.

పోయిన ఏడాది ఎడమ రొమ్ముకు కేన్సరని బెంగళూరులో ఆపరేషన్ చేసి, ఆ పక్క చంకలో బిళ్ళల్లాంటి గ్రంథులు కూడా తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సు, ఎడమ చేతికి బిగుతు గాజులు వద్దని చెప్పింది. గాజులమ్మే మనిషికి ఆ మాట ఎలా వినబడుతుంది? పెద్దవి వేసుకోమన్నట్టే! ఉగాదికి చెయ్యి ఉబ్బినట్టనిపిస్తే రెండూ నాలుగు సైజు తీసేసి రెండూ ఆరు తొడుక్కుంది. మరుసటి నెలకు రెండూ ఎనిమిది. ఆషాఢానికి రెండూ పది. గాజులు వదులుగానే ఉన్నాయి, చెప్పిన మాట దాటలేదు కదా అని తనకు తానే సర్ది చెప్పుకుంది, పిచ్చిది.

అసలు సంగతి భయం. చూపిస్తే జబ్బు తిరగబెట్టిందంటారేమోనని. పగలంతా బొటనవేలితో ముంజేతిని నొక్కి చూసుకునేది. గుంట పడితే గబుక్కున పైట కప్పేది.

"ఏందే, కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతుండావు?" అని భర్త గోవిందరాజు అడిగితే, "పనుండాది" అని తప్పుకునేది.

శ్రావణ శుక్రవారం రద్దీలో చిట్లిన గాజు ఎడమ వేలికి గీసుకుంది. సాయంత్రానికి చలిజ్వరం. తెల్లారేసరికి చెయ్యంతా కందిపోయి, ఎర్రటి చార మోచెయ్యి దాటింది. రెండూ పది గాజులు కూడా కండలో దిగబడ్డాయి. గోవిందరాజు కంగారుగా ఆటో ఎక్కించాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి అడిగింది. "ఎప్పట్నుంచి?"

అంబుజ నెల నెలా సైజులతో సహా చెప్పింది. గోవిందరాజు నోరు తెరిచి విన్నాడు.

"ఒంట్లో రక్తమొక్కటే పారేది కాదమ్మా. తేట నీళ్లలాంటిది ఇంకోటి ఉండాది. చేతిలోది చంక బిళ్ళల మీదుగా పోయి మళ్లా రక్తంలో కలుస్తాది. క్రిముల్ని పట్టేది ఆ బిళ్ళలే. నీవి తీసేసినారు కదా, నీళ్లు పోయే దారి తగ్గిపాయ. నిలిచిన చోట చిన్న గీత పడినా చీము పట్టొచ్చు. పాత జబ్బు మాదిరి కనబడ్లేదు, అయినా పరీక్ష చేద్దాం. ముందు ఈ గాజులు పగలగొట్టాల. ఆలస్యమైతే వేళ్లకు రక్తమాడదు."

అంబుజ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఆయన ఎదురుగా నిలబడి ఉంటే గాజులు పగలగొడతారా? కీడమ్మా!"

సబ్బు రాసి చూశారు, కదల్లేదు. నర్సు పటకారు తెచ్చింది. గోవిందరాజు గుమ్మానికీ మంచానికీ నాలుగుసార్లు తిరిగాడు. ఐదోసారి నర్సు దగ్గరికి పోయి, "ఆ పటకారు ఇట్లియ్యండి" అన్నాడు.

"మీరా?" అంది అంబుజ.

"నేను బతికుండానని ఊరికి తెలిసేదానికి నీ చెయ్యి కుళ్లాల్నా? నేనే తీస్తే కీడెట్లయితాదే?"

నర్సు గాజుల కింద మెల్లగా గుడ్డ దూర్చి పట్టుకుంది. తను పోయాక ఎవరో చేయించాల్సిన పనిని గోవిందరాజు తన చేత్తోనే మొదలుపెట్టాడు. పన్నెండు గాజుల్లో ఒక్కటీ ఆమె ఒంటికి గీసుకోలేదు. అంబుజకు ఏడుపు ఆగలేదు. ఆయన కళ్లూ తడిశాయి.

చివరి ముక్క పళ్లెంలో వేశాక ఆమె కుడి చెయ్యి ఆయన ముందుకు చాపింది.

"ఈ చేతికి ఉండాయి కదండీ," అంది, "ఇవి చాల్లే మీకు."