తడి పేపరు కుండీలు

తడిసిన న్యూస్‌పేపర్ వాసన వస్తే ఇప్పటికీ ఒకచోట కూర్చోలేను.

లాక్‌డౌన్‌లో, జర్మనీలోని మా లైప్‌జిగ్ ఇంట్లో, అమ్మ రోజంతా స్టీలు గ్లాసుకు తడి పేపరు చుట్టి నారుకు చిన్న కుండీలు చేసేది. మొలకను కుండీతో సహా నాటితే పేపరు మట్టిలో కలిసిపోతుందట.

“గోంగూర గింజలు ఎప్పుడో అయిపోయినయ్ కదమ్మా, ఇంకెందుకు?”

“చేతులు ఊకుంటలేవు బిడ్డా.”

కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోమని నా వెంటపడే మనిషి, ఒక సాయంత్రం హైదరాబాద్ నుంచి ఫోనొస్తే, కుండీలను తొక్కుకుంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయింది. సరస్వతికి కోపమొస్తుందని హడలిపోయి, నలిగినవన్నీ ఏరి అమ్మ బదులు నేనే కళ్ళకద్దుకున్నాను.

అమ్మ తిరిగొచ్చి, నన్ను చూసి ఏడ్చింది.

“ఏడ్వకమ్మా, మళ్ళ చేద్దాం,” అన్నాను.

అమ్మమ్మ పోయిందని, విమానాలు లేక అమ్మకు కడచూపు దక్కలేదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం అమ్మ తలూపి, గ్లాసు అందుకుంది.