బోరు వేయకముందు రాసిన చీటి

కిటికీ తెరిచి ఉంచడం నా పొరపాటే. మా ఇంటి వెనక ప్లాటులో పొద్దున్నే బోరు బండి దిగింది. పది గంటలకల్లా రాతిపొడి ల్యాప్‌టాప్ మీద, టీ గ్లాసు అంచు మీద, చివరికి నా కనుబొమ్మల మీద కూడా సన్నగా పరుచుకుంది. నా దగ్గర ఆన్‌లైన్‌లో కార్డుల ఆట నేర్చుకునే నలుగురూ తెర మీద నుంచి "మేడం, మీ జుట్టు నెరిసింది" అని నవ్వుతున్నారు. నేను మాత్రం ఆ వాసన దగ్గరే ఆగిపోయాను. ఎండిన రాతిపొడికి ఒక వాసన ఉంటుంది. కింద చెమ్మ తగలగానే అది మారుతుంది, కొత్త కుండలో నీళ్లు పోసినట్టు. ఆ తేడా పట్టడం నాకు నేర్పింది దేవదానం సారు. కార్డులు ఆడటం నేర్పింది కూడా ఆయనే అంటే ఎవరూ నమ్మరు, ఎందుకంటే ఆయన జన్మలో ఒక్క కార్డు కూడా పట్టుకోలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను డిగ్రీ ముగించి పానగల్‌లో మా ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉన్నాను. సారు అప్పటికే ఉద్యోగం నుంచి రిటైరై, నల్లగొండలో రెండు గదుల ఆఫీసు పెట్టుకుని, రైతుల పొలాల్లో బోరు ఎక్కడ వేయాలో చూసి చెప్పేవారు. ఆయన తాత ఊళ్లో వాళ్లందరికీ బావులు తవ్విన కూలి. తవ్విన బావిలో నీళ్లు తోడుకునే హక్కు మాత్రం ఆ ఇంటికి లేదు. ఆ సంగతి ఆయన ఒకే ఒక్కసారి చెప్పారు, అదీ నేలను పరీక్షించే మీటరు తుడుచుకుంటూ, వేరెవరి గురించో చెప్పినట్టు. నన్ను పనిలోకి తీసుకున్న రోజు ఒక లెక్క చేయమని ఇచ్చారు. ఆయన ఇచ్చిన అంకెలోనే తప్పుందని మొహం మీదే చెప్పాను. నా నోరు అప్పటికీ ఇప్పటికీ అంతే. ఆయన కళ్లజోడు తీసి, తప్పు చూసుకుని, "రేపటి సంది రా బిడ్డా" అన్నారు.

పని ఏమంత గొప్పది కాదు. నాలుగు ఇనుప మేకులు నేలలో దిగ్గొట్టాలి, తీగలు పరచాలి, కరెంటు పంపాలి. కింద రాయి గట్టిగా ఉందా, నీళ్లు చేరేలా పగిలి ఉందా అన్నది మీటరు అంకెల్ని బట్టి ఆయన అంచనా కట్టేవారు. అసలు విశేషం ఆ తర్వాత జరిగేది. బోరు బండి రాకముందే సారు ఒక చీటి రాసేవారు. ఎక్కడ వేస్తున్నాం, ఎందుకు వేస్తున్నాం, నీళ్లు పడతాయని పదింట ఎన్ని పాళ్లు నమ్మకం. ఆ చీటిని రైతు ఇంట్లోనే సద్దిగిన్నెలో పెట్టి మూత వేయించేవారు. బోరు అయిపోయాక అందరి ముందూ తీసి చదివి, తన నోటుబుక్కులో రెండు గళ్లు నింపేవారు. ఒకటి నీళ్లు పడ్డాయా లేదా. రెండోది నిర్ణయం సరైనదా కాదా. నీళ్లు పడితే నిర్ణయం సరైనదే కదా, రెండు గళ్లెందుకని నేను చాలాకాలం నవ్వుకున్నాను.

మక్తల్ దగ్గర బాలప్ప అనే రైతు పొలంలో ఆ నవ్వు కాస్తా కోపమైంది. సారు ఒక చోట గుర్తు పెట్టారు. బాలప్ప బావమరిది అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగితే, అది ఇంకో చోట నిలబడింది. ఇంటిల్లిపాదీ బతిమాలేసరికి సారు మెత్తబడి సరేనన్నారు. బోరు కొబ్బరికాయ నిలబడ్డ చోటే వేశారు. నీళ్లు తాటిచెట్టు ఎత్తున లేచాయి. పిల్లా పెద్దా ఆ బురదనీళ్లలో తడిసి ఎగిరారు. సారు ఎప్పటిలాగే నోటుబుక్కు చంకలో పెట్టుకుని దూరంగా జరిగి, పొడిగా నిలబడ్డారు. ఎన్ని బోర్లు చూశామో, ఎక్కడా ఆయన మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. బాలప్ప దండ పట్టుకుని వస్తే, "గిది నా పని కాదు బాలప్పా. నేను జెప్పిన జాగా అది. గీడ నీ నసీబు పనిజేసింది" అనేశారు. నోటుబుక్కులో నీళ్లు పడ్డాయి, నిర్ణయం తప్పు అని రాశారు.

తిరుగు బస్సులో నేను ఊరుకోలేదు. "పేరొస్తాంటె వద్దంటరా సారూ? ఎవలన్న ఇంటె నవ్వుతరు" అన్నాను.

"గీయాల నా తెలివి అని దండ ఏసుకుంటె, రేపు ఎండిన బోరు కాడ నసీబు అననీకి నాకు మొఖం ఉంటదా?" అన్నారు ఆయన, టికెట్టు మడిచి జేబులో పెట్టుకుంటూ.  నేను ఫోను తీసి దేవరకద్ర దాకా కార్డుల ఆటలో తల దూర్చాను.

అప్పటికే ఫోనులో ఆ ఆట నాకు ప్రాణమైపోయింది. ఎవరి ముప్పై కార్డుల కట్ట వాళ్లే ఎంచి కట్టుకోవాలి. వంతుకొక్క కార్డు పైనుంచి వస్తుంది. ఏది వస్తుందో మన చేతిలో లేదు. వచ్చినదానితో ఎదుటివాడి కోటను పడగొట్టాలి. పందెం లేదు, పైసా లేదు. కానీ మా అమ్మకు కార్డంటే పత్తాలే, అంటే పేకాటే. పత్తాలాటలో పొలం పోగొట్టుకున్న మా మేనమామ ఆమె కళ్ల ముందు తిరిగేవాడు. నేను గెలిచిన రోజు నా బుర్ర గురించి ఇల్లంతా చాటేదాన్ని, ఓడిన రోజు కార్డులు రాలేదని ఏడ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం పొలం గట్టు మీద సద్ది తింటూ సారు నా ఆట చూశారు. "గెలిస్తె నీ తెలివి, ఓడితె నసీబు. మంచిగనే ఉన్నది బిడ్డా నీ లెక్క" అని నవ్వారు. ఉక్రోషంతో ఆ రోజు నుంచే నేనూ ఆటలో అడుగు వేసే ముందు చీటీలు రాయడం మొదలుపెట్టాను.

దేశం జట్టుకు నలుగురిని ఎంచే ఆన్‌లైన్ పోటీలు ఆ ఏడే వచ్చాయి. ఆ నలుగురిలో ఉండాలన్నది తప్ప నాకు వేరే ధ్యాస లేదు. మొదటి ఆటలో చీటి రాసి దాడికి దిగాను. లెక్క ప్రకారం మూడింట రెండు పాళ్లు నాదే గెలుపు, కానీ ఓడిపోయాను. రెండో ఆటలో సరిగ్గా అలాంటి ఘట్టమే వచ్చింది. మళ్లీ ఓడతానేమోనని భయమేసింది. దాడి మానేసి గోడలు కట్టుకుని దాక్కున్నాను. ఎదుటివాడికి చెత్త కార్డులు రావడంతో గెలిచాను. ఇదే దారి అనుకుని తర్వాతి రెండు ఆటల్లోనూ దాక్కున్నాను. రెండూ పోయాయి. పోటీ నుంచి బయటికొచ్చాను. అమ్మ చివరి మాటగా చెప్పింది, "వచ్చే యేడు గిట్లనే అయితె ఫోను పొయ్యిల ఏస్త. ఆట బంద్."

మర్నాడు సారు చీటీలు అడిగారు. ఇచ్చాను. ఒకటే ఉంది. "తక్కినయి ఏవి?" అన్నారు.

"రెండోదాంట్ల భయంతోని రాయలె సారూ, అయినా గెలిచిన. ఆ తర్వాత రాయబుద్ధి గాలె."

ఆయన కోప్పడలేదు. మొదటి చీటి ముందుకు జరిపి, "నాలుగు ఆటలల్ల ఇదొక్కటే మంచిగ ఆడినవు. ఓడినవని దీన్నే ఇడిచిపెట్టినవు" అన్నారు. ఆ తర్వాత నోటుబుక్కు తిరగేసి కల్వకుర్తి దగ్గరి ఒక బోరు చూపించారు. నీళ్లు పడలేదు, నిర్ణయం సరైనదే. ఆ రోజు నాకూ గుర్తుంది. ఆ పొలం లక్ష్మమ్మ అనే ఒంటరి ఆడమనిషిది. ఎండిన బోరు పక్కన కూలబడ్డ ఆమె ముందే సారు చీటి చదివి, ఇంకో చోటు మళ్లీ అదే పద్ధతిలో చూశారు. రెండోది పడింది. "ఎండిందని పద్ధతి ఇడిస్తె రెండోది కొబ్బరికాయతోని ఎతకాలె గదా" అన్నారు. సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్లూ మీటరు మోసింది నేను, నేర్చుకోనిది కూడా నేనే.

ఆ ఏడాదంతా ఆడిన ప్రతి ఆటకూ చీటి రాశాను. గెలిచినా ఓడినా రెండు గళ్లు నింపాను. నా చెత్త గెలుపులు ఎన్నో బయటపడ్డాయి. ఒళ్లు మండేది, కట్ట మళ్లీ కట్టేదాన్ని. మరుసటి ఏడు పోటీలో ఒక్కొక్కరినే దాటుకుంటూ ఆఖరి మ్యాచ్ దాకా వచ్చాను. గెలిస్తే జట్టులో నాలుగో స్థానం నాది, ఓడితే పొయ్యి సిద్ధంగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం. నెట్ బాగుంటుందని సారు ఆఫీసులోనే కూర్చున్నాను. అమ్మ సద్ది తెచ్చి, లోపలికి రానని గడప మీద వీధివైపు తిరిగి కూర్చుంది. మూడు ఆటల్లో చెరొకటి అయ్యాయి. మూడోదాంట్లో నా కట్టలో తొమ్మిది కార్డులు మిగిలాయి. నా కోట పడిపోయేలా ఉంది. గోడలు కట్టుకుంటే ఇంకో రెండు వంతులు బతుకుతాను. కానీ అవతలి కోట వంతువంతుకూ బలపడుతోంది, గెలిచే దారి ఎంత వెతికినా కనపడలేదు. దాడికి దిగితే వెనక కాపలా ఉండదు. వచ్చే కార్డు ఆఖరి దెబ్బ వేసే పిడుగైతేనే గెలుపు, కాకపోతే అక్కడితో సరి. తొమ్మిదింట్లో పిడుగులు మూడున్నాయి. పోయినేడు దాక్కున్న ఆటలు గుర్తొచ్చాయి. చీటి మీద రెండు ముక్కలు గీకి సారు చేతిలో పెట్టాను. ఆయన చదవకుండా మడిచి చొక్కా జేబులో వేసుకున్నారు. ఉన్నవన్నీ దాడికి పంపాను. అవతలివాడు నా కోటను నేలమట్టం చేసే దాకా వచ్చి ఆగాడు. నా వంతు వచ్చింది. కార్డు తిరిగింది.

పిడుగు!

కుర్చీ వెనక్కి పడిపోయింది. నేను అరిచిన అరుపుకు వీధిలో కుక్కలు మొరిగాయి. "గెలిచిన సారూ!" అని ఆయన వైపు తిరిగితే, ఆయన తాపీగా జేబులోంచి చీటి తీసి, విప్పి, పైకి చదివారు. "దాడి. మూడింట ఒకటి. ఇంకో దారి సున్న." కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "అంటె మూడుసార్లు ఇట్లనే ఆడితె రెండుసార్లు ఓడుతవు?"

"ఓడుత సారూ. దాక్కుంటె మూడుసార్లూ ఓడుత."

ఆయన నోటుబుక్కు తెరిచి మొదట రెండో గడి నింపారు. నిర్ణయం సరైనదే. ఆ తర్వాతే మొదటి గడి నింపారు. చీటిని మళ్లీ జేబులో వేసుకుని, నోటుబుక్కును సొరుగులో పెట్టి తాళం వేశారు. గడప మీద అమ్మ ఇటు తిరగకుండానే, "ఏమైంది సారూ? పోయిందా?" అంది. సారు గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. "నీళ్లు పడ్డయమ్మా! నీ బిడ్డ పడగొట్టింది!" అంటూ పెరట్లోకి పరుగెత్తి, బకెట్టు నిండా నీళ్లు తెచ్చి సగం నా నెత్తిన గుమ్మరించారు. మిగిలిన సగం తన నెత్తినే పోసుకున్నారు. అన్నేళ్లలో ఏ బోరు దగ్గరా చుక్క పడనివ్వని మనిషి, డెబ్బై ఏళ్ల వయసులో, కళ్లజోడు మీద నుంచి నీళ్లు కారుతుంటే గదిలో గంతులు వేశారు. అమ్మ కొంగుతో ముందు నా తల తుడిచి, తర్వాత తన కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడు దేశం జట్టులో ఆడాను, ఆ తర్వాత దానికి నాయకత్వం కూడా వహించాను. సారు పోయి మూడేళ్లయింది. ఆ రోజు చీటి ఆయన చొక్కా జేబులోనే ఉండి తడిసిపోయింది. జన్మంతా కాగితాన్ని పొడిగా కాపాడిన మనిషి దాన్ని మర్చిపోయినందుకు మర్నాడు ఎంత నొచ్చుకున్నారో. ఆరబెట్టి నాకిచ్చారు. ఇప్పుడు దాని మీద ఒక్క అక్షరం లేదు, నీలం మరక మాత్రం ఉంది. ఏ పోటీకి వెళ్లినా అది నా పర్సులో ఉంటుంది.

వెనక ప్లాటులో వాసన మారింది. ఆ తర్వాత కేకలు వినపడ్డాయి. తెర మీది నలుగురికీ, "ఇప్పటిదాకా ఆడిన ఆటలకు రెండు గళ్లూ నింపి ఉంచండి, ఇప్పుడే వస్తాను" అని చెప్పి, పర్సు టేబులు మీద పెట్టి, తడవడానికి బయటికి పరుగెత్తాను.