ఉప్పునీళ్ల అత్తయ్య కీరదోసకాయల పరీక్ష

వీధిలో అందరూ ఆమెను ఉప్పునీళ్ల అత్తయ్య అనేవారు. బట్టలు కుట్టే దుకాణం ఆమెది. కూరగాయల సంచీ ఇంట్లోకి రావడం ఆలస్యం, బేసిన్ నిండా నీళ్లు పట్టి, గుప్పెడు ఉప్పు కలిపి, అన్నిటినీ అందులో ముంచేసేది. అవి నానేదాకా వంటింట్లో ఎవరినీ కత్తి ముట్టుకోనిచ్చేది కాదు.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఒకసారి కుట్టిన చొక్కాలు ఇచ్చి రావడానికి కూరగాయల తోటకు వెళ్లింది. ఒకతను ముక్కుకు గుడ్డ కట్టుకుని పురుగుమందు కొడుతున్నాడు. పక్క మడిలోనే ఇంకొకతను సంతకు కాయలు కోస్తున్నాడు. ఆ వాసన ఇంటికొచ్చాక కూడా ఆమెను వదల్లేదు.

కోడలికి ఉద్యోగం ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబ్‌లో. ఆమె మాట వేరు.

"కుళాయి కింద పెట్టి చేత్తో బాగా రుద్దితే చాలు అత్తయ్యా. నానబెడితే వంట ఆలస్యం కావడం తప్ప ఏముంది?"

"నీ మాట కాదనను తల్లీ. కానీ ఉప్పు మందునంతా లాగేస్తుంది. నాకు తెలుసు."

"మీరిద్దరూ తేల్చుకునేలోపు నా ఆకలి చచ్చిపోతోంది," అన్నాడు కొడుకు. "పోయి మీ ల్యాబ్‌లో మిషన్నే అడగండి."

వాడు వేళాకోళానికే అన్నాడు. కోడలు మాత్రం ఆ మాట పట్టుకుంది. ల్యాబ్ పెద్దాయనను అడిగితే, "నాకూ చూడాలనే ఉంది, శనివారం మిషన్ ఖాళీయే, మీ అత్తగారిని కూడా తీసుకురండి," అన్నాడు.

ఆ శనివారం అత్తయ్య దుకాణానికి తాళం వేసి, ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరింది. ఒకే తోట నుంచి వచ్చిన కీరదోసకాయలను నాలుగు వాటాలు వేశారు. ఒక వాటాను కడగలేదు. ఒకదాన్ని కోడలు కుళాయి కింద రుద్దింది. ఇంకోదాన్ని అత్తయ్య తన లెక్క ప్రకారం ఉప్పునీళ్లలో నానబెట్టి, మంచినీళ్లతో కడిగింది. నాలుగోదాన్ని కడిగి తొక్క తీశారు. అన్నిటినీ విడివిడిగా మెత్తగా రుబ్బి, అందులోని మందును ద్రావకంలోకి దింపి, ఆ రసం బొట్టు బొట్టుగా మిషన్‌కు అందించారు.

ముందు కడగని వాటా. తెర మీద గీత నేల మీద పాకినట్టు పాకి, ఒక్కసారి నిటారుగా లేచింది. కాసేపటికి మళ్లీ లేచింది.

"రెండు రకాల మందులున్నాయి," అంది కోడలు. "గీత ఎంత ఎత్తు లేస్తే అంత మందు." అత్తయ్య కుర్చీ అంచుకు జరిగింది.

కుళాయి వాటా వచ్చేసరికి మొదటి గీత బాగా కుంగింది. కోడలి ముఖం వెలిగింది. ఉప్పునీళ్ల వాటాలో అది ఇంకాస్త దిగింది. ఈసారి అత్తయ్య పెద్దాయన భుజం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తొక్క తీసిన వాటాలో ఆ గీత దాదాపు లేనేలేదు.

కానీ రెండో గీత కడిగినా, నానబెట్టినా చెక్కు చెదరలేదు. తొక్క తీశాక కొంచెం తగ్గిందంతే.

"ఇదేంటమ్మా, ఇంత మొండిది?"

"ఇది తొక్క మీద లేదు అత్తయ్యా. మొక్క దీన్ని నీళ్లతోపాటు తాగేసింది. కాయ లోపలే ఉంది. ఇంతవరకు ఉండొచ్చన్న హద్దు దాటలేదు, భయం లేదు. కానీ మీ ఉప్పూ నా కుళాయీ అక్కడిదాకా పోలేవు."

అత్తయ్యకు దిగులు పడాలని తోచలేదు. ఇన్నాళ్లూ బేసిన్ దగ్గర చూసింది ఇంత చిన్న ముక్కా అనిపించింది. "అయితే తోటలోనే అడగాలన్నమాట," అని లేచింది.

మర్నాడే ఆ కాయలు పండించిన రైతును సంతలో పట్టుకుంది. ఆమె కుట్టిన చొక్కాయే వేసుకున్నాడతను.

"మందు కొట్టాక ఎప్పుడు కోశావయ్యా?"

అతను తల గోక్కున్నాడు. "కొన్నాళ్లు ఆగమని డబ్బా మీద రాసే ఉంటుందమ్మా. గిరాకీ తగిలితే ఆగబుద్ధి కాదు."

"ఈసారి ఆగు. ఆగి కోసినవి నాకియ్యి. మిషన్ ఏమంటుందో నీ కళ్లతో నువ్వే చూద్దువుగాని."

రైతు ఆగాడు. కాయలు తెచ్చి తానూ ల్యాబ్‌కు వచ్చి, అత్తాకోడళ్ల వెనక నిలబడ్డాడు. తెర మీద గీత పాకింది. మొదటిచోట చిన్న బుడిపె. రెండోచోటికి రాగానే ముగ్గురూ తెర మీదికి వంగారు. గీత కాస్త వణికి, మళ్లీ నేలకు దిగి ముందుకు సాగిపోయింది.

"అంతేనా?" అన్నాడు రైతు. "ఆగితే చాలా?"

"చాలా మటుకు అంతే," అంది కోడలు. "మిగిలిన పైపైది కడుక్కోవడం మా పని."

అత్తయ్య అప్పటికే పెద్దాయన బల్ల దగ్గర ఉంది.

"ద్రాక్షపళ్లకు తొక్క తియ్యలేం కదండీ," అంటోంది. "వచ్చే శనివారం మిషన్ ఖాళీయేనా?"