అమ్మను పిలిచిన క్యాసెట్

మేడ్చల్ బస్టాండు పక్క సందులో మైకుసెట్టు ప్రతాప్ అంటే తెలియనివాడు లేడు. చీరల డిస్కౌంటైనా, సర్కసైనా, సర్పంచి ఎన్నికలైనా, ఆటో మీద తిరిగే క్యాసెట్‌లో గొంతు అతనిదే. అదేం గొంతు తల్లీ, ఊరవతల మొదలుపెడితే ఊళ్ళో కుక్కలు లేచి కూర్చునేవి. నచ్చినవాళ్ళు "మస్తు గొంతు" అని ఎదురుగానే మెచ్చుకునేవారు. నచ్చనివాళ్ళు తలుపులు వేసుకునేవారు గనక వాళ్ళ మాట అతని దాకా రాలేదు.

ఇంత గొంతున్నవాడు రావల్కోల్‌లో తన ఇంట్లోనే ఉన్న సొంత తల్లిని మాత్రం ఒప్పించలేకపోయాడు. బుచ్చమ్మకు రెండు కళ్ళల్లోనూ పొరలొచ్చి ఆరేడేళ్ళయింది. మనుషుల్ని అడుగుల చప్పుడుతో, గొంతుతో గుర్తుపట్టడమే. ఇంకా ఆలస్యం చేస్తే చూపు పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ మాటెత్తితే చాలు, "కంట్లె కత్తి పెట్టిచ్చుకునుడు నాతోని గాదు" అని గోడవైపు తిరిగి పడుకునేది. వెనకెప్పుడో సోమయ్య అనే చుట్టానికి నాటువైద్యుడొకడు కన్ను పోగొట్టాడు. పాపం, ఆమె భయం ఊరికే పుట్టింది కాదు.

తొంభై ఎనిమిదిలో కొందరు డాక్టర్లు కలిసి శామీర్‌పేట బడిలో కంటి శిబిరం పెట్టారు. అక్కడ పరీక్ష చేసి, పట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించి, మళ్ళీ ఇంటి దగ్గర దింపుతారు. అంతా ఉచితం. ప్రచారం పని పార్వతీదేవి నెత్తినేసుకుంది. ఆమె గుంటూరులో బడిపిల్లలకు నాటకాలు నేర్పి రిటైరై, మేడ్చల్ కొత్త కాలనీకి వచ్చిన టీచరు. ఆమె రాసిచ్చిన కాగితాన్ని ప్రతాప్ తన పద్ధతిలో దంచి కొట్టాడు. ఆటో ఊళ్ళన్నీ తిరిగింది. ఆదివారం చూస్తే బడిలో బెంచీలు ఖాళీ. డాక్టర్లు టీలు తాగి, వచ్చే ఆదివారం కూడా ఇంతే అయితే శిబిరం వేరేచోటికి మారుస్తామన్నారు.

మర్నాడు పార్వతీదేవి క్యాసెట్ పట్టుకుని షాపుకొచ్చింది.

"ప్రతాప్ గారూ, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి."

ఇలా మొదలైన మాట ఎక్కడికి పోతుందో ఎవరికి తెలియదు?

"ప్రతి మాటకీ చివర పైకి లేపుతున్నారు. మధ్యలో ఊపిరి తీసుకోరు, మాకూ తీసుకోనివ్వరు. మైకు ఉన్నది అరవకుండా ఉండటానికేనండీ."

ప్రతాప్‌కు చుర్రుమంది. "ఇరవై ఏండ్ల సంది గిదే గొంతు మేడం. ఎవరు గిట్ల అనలె. మీరు రాసిచ్చింది మాత్రం మంచిగున్నదా? నేత్ర శుక్లముల శస్త్రచికిత్స అంటే మా ఊర్ల ఎవరికి సమజైతది? కండ్లల్ల పొర అంటరు."

ఆమె మొహం ఎర్రబడింది. కాసేపు కాగితం వంక చూసి, కలం తీసి ఆ వాక్యం కొట్టేసింది. "నిజమే. నాకు తోచనే లేదు."

కోపంతో అన్నమాటను ఆమె అంత నెమ్మదిగా తీసుకునేసరికి, ఆమె మాటను తోసెయ్యడానికి అతనికి మొహం చెల్లలేదు. సాయంత్రం క్యాసెట్ ఇంటికి తెచ్చి తల్లి మంచం పక్కన పెట్టి వినిపించాడు.

"ముఫ్త్ అని గంత గట్టిగ ఒర్రితె ఎవరు నమ్ముతరు కొడుకా?" అంది బుచ్చమ్మ. "ప్లాట్లమ్మెటోళ్ళు గూడ గిట్లనే ఒర్రిండ్రు."

"మరి ఎట్ల జెప్పాలె?"

"నీ కాల్ల ముల్లు ఇరిగితె నేను ఒర్రుకుంట తీసిన్నా? ముచ్చట జెప్పుకుంట తీసిన."

ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. తల్లి కళ్ళు పోతే ఆ పాపంలో తన గొంతుకూ పాలుందని బాధపడ్డాడు.

పొద్దున అతను కబురుపెడితే పార్వతీదేవి షాపుకొచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. అతని గొంతు లేచినప్పుడల్లా అరచెయ్యి కిందికి దించేది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా పాత గొంతే. విసుగొచ్చి మైకు పక్కన పెట్టాడు.

"నాకు రాదు మేడం."

"ఊరంతటితో చెప్పకండి. మీరెవర్ని పిలుస్తున్నారో ఆ ఒక్కరితో చెప్పండి."

ప్రతాప్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, నేను ప్రతాపును. ఐతారం పొద్దుగాల శామీర్‌పేట బడికి పోదాం. కండ్లల్ల పొర తీపిద్దాం. మందేసి తీస్తరంట, నొప్పి తెల్వదంట. భయమైతాంది గద. నాకు గూడ అయితాంది. నేను పక్కపొంటే ఉంట. పైసలేం అడగరు. పోదాం రా అమ్మా."

"నాకు గూడ" అన్నచోట గొంతు జీరబోయింది. అది చెరిపేద్దామని చెయ్యి చాపితే పార్వతీదేవి ఆపింది. "అది ఉండనివ్వండి" అంది.

మధ్యాహ్నం ఆటో రావల్కోల్ వీధిలోకి వచ్చేసరికి బుచ్చమ్మ వాకిట్లో ఉంది. కొడుకే గుమ్మంలో నిలబడ్డాడనుకుని, "షాపు బంద్ జేసినవా ఏంది?" అని ఆటోను అడిగింది. ఆటో "అమ్మా" అంటూ ముందుకు పోయింది. ఆమె చాలాసేపు అటే మొహం తిప్పి కూర్చుంది.

ఆదివారం బడి బెంచీలు చాలక జనం అరుగుల మీద కూర్చున్నారు. బుచ్చమ్మ పక్కన కూర్చున్న జంగమ్మ, "నా కొడుకు గిట్ల ఒక్కనాడు పిలువకపాయె. నీ కొడుకు పిలిస్తె వచ్చిన" అని నవ్వింది.

ఆపరేషనయ్యాక కట్టు విప్పేటప్పుడు ప్రతాప్ మాట ప్రకారం పక్కనే ఉన్నాడు. బుచ్చమ్మ కన్ను చికిలించి, తెరిచి, కొడుకునే చూసింది. మెల్లగా చెయ్యెత్తి అతని తల నిమిరింది.

"గొంతు ఇని ఇంక పోరగానివే అనుకున్న కొడుకా. తలంత నెరిసింది గద, ఒక్కనాడన్న జెప్పకపోతివి."

ప్రతాప్ ఆమె చేతికి అందేలా తల ఇంకొంచెం వంచాడు.