గాల్లో కట్టిన కుచ్చులు

పుట్టీ, నువ్వు పోయి పదమూడు దినాలైపోయినాయి. నీ చెప్పులు ఇంకా వాకిట్లోనే ఉండాయి.

చదివేవాళ్ళకు చెప్తాను. పుట్టి నా కూతురు. ఇరవై నాలుగేండ్లు. హూడిలో కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తాండె. నా బిడ్డ పిచ్చిది కాదని చెప్పేదానికే ఇది రాస్తా ఉండాను.

మాది బెంగళూరు పక్కన కాడుగోడి. నేను చీరలకు కుచ్చులు కడ్తాను. కొంగు చివర దారాలు విడదీసి, కొంచెం కొంచెం కలిపి ముడేసే పని. రెండు చేతులూ దారంలో ఉంటే తినేదెట్ల? చిన్నప్పటి నుంచీ పుట్టే నాకు తినిపిస్తాండె. రాగిముద్ద తుంచి, చారులో ముంచి, "మా, నోరు తెరువు. చీర తినదు, నువ్వు తిను" అనేది. వద్దంటే, "సరే, ఇది ఈ చీర కట్టుకునే పెండ్లికూతురికి" అని నా నోట్లోనే పెట్టేది. ఉద్యోగం వచ్చినాక కూడా ఆదివారం పక్కన కూర్చుని తనూ కడ్తాండె. దాని ముడులు నా ముడుల కన్నా గట్టివి. చీరల అంగడాయన కొంగు చూసి "ఇది పాప కట్టింది" అని కనిపెట్టేసేవాడు.

పోయిన వానాకాలంలో బిడ్డ మారిపోయింది. నిద్ర లేదు. ఆఫీసులో అందరూ తన గురించే మాట్లాడుకుంటారని ఏడ్చేది, మళ్ళీ ఏ కారణం లేకుండా సుమ్మనే నవ్వేది. నేను పెట్టిన అన్నంలో ఏదో కలిపినానంది. కోపం వచ్చి "నాటకాలాడొద్దు" అని అరిచినాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉండాది. పక్కింటామె "పెండ్లి చేసేయక్కా, అన్నీ సర్దుకుంటాయి" అనింది. డాక్టరు మనసు జబ్బన్నాడు. మాత్రలిచ్చి ఆసుపత్రిలో పెట్టుకున్నారు.

ఒకదినం మంచం మీద దాని వేళ్ళు కదుల్తా ఉండాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపి తిప్పేది, లాగేది, మళ్ళీ తిప్పేది. నాకెంత సంతోషమో. కుచ్చు కడ్తా ఉండాది, పని గుర్తొచ్చింది, ఇంక బాగైపోతాది అనుకున్నాను. ఫోన్‌లో వీడియో తీసి రెండు వారాలు అందరికీ చూపించుకుంటా తిరిగినాను.

తర్వాత ఫిట్స్ వచ్చి వేరే ఆసుపత్రికి తీసుకుపోయినాం. అక్కడి డాక్టరమ్మకు కూడా గొప్పగా చూపించినాను. "చూడండి మేడం, మా పాప పనిమంతురాలు." ఆమె నవ్వలేదు. మూడుసార్లు చూసింది. "అమ్మా, ఇది తను చేసేది కాదు. మెదడు వాచి చేతుల్ని ఇట్లా కదిలిస్తా ఉంది" అనింది.

వెన్నులో నీళ్ళు తీసి పరీక్ష చేసినారు. ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అంట. నాకు నోరు తిరగదు, కాగితం చూసి రాస్తా ఉండాను. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి మెదడు మీద పడుతుందంట. ముందే తెలిసుంటే బతికేదా అని అడిగినాను. "బతికి ఉండొచ్చమ్మా" అనింది. అబద్ధం చెప్పలేదు ఆమె.

మందు పడినాక రెండు దినాలు వేళ్ళు నిలిచినాయి. కండ్లు తెరిచి నన్ను చూసి "తిన్నావా మా" అనింది. నేను తినలేదు. తిన్నానని చెప్పినాను. ఆ తర్వాత ఊపిరితిత్తులు చెడి, పొద్దున్నే పోయింది.

మీ పిల్లలు ఉన్నట్టుండి మారిపోతే తిట్టకండి. మనసు డాక్టరుతో పాటు మెదడు డాక్టరుకీ చూపించండి.

ఇంట్లో ఒక చీర ఉండాది. సగం కొంగుకు దాని ముడులు. మిగతా సగం నేనింకా ముట్టలేదు. దాని ముందర కూర్చుని రోజూ ఒంటిగంటకు ముద్ద తుంచుకుని తింటా ఉండాను, బిడ్డకు చెప్పిన అబద్ధం ఇప్పుడైనా నిజం కావాలని.

మీరూ వేళకి కడుపునిండా తినండి.