ఎనిమిదో గీతతో తగాదా

మా బాబాయి జీవితంలో ఎవరితోనూ తగాదా పడలేదు, ఒక్క స్వరంతో తప్ప. పక్కింటి కుక్క తన చెప్పు ఒకటి ఎత్తుకుపోతే, ఒంటి చెప్పుతో అది మాత్రం ఏం చేసుకుంటుందని రెండోది కూడా గోడ మీంచి అందించి వచ్చిన మనిషి. అటువంటివాడు పదకొండేళ్ళ పాటు ఒక స్వరంతో మాటా పలుకూ లేకుండా బతికాడు.

ఆ స్వరం ఉండేది ఒక బుల్లి చెక్కపెట్టెలో. అరచేతిలో పట్టేటంత పెట్టె, పక్కన తిప్పడానికి ఒక పిడి. లోపల దువ్వెనలాంటి ఇనుప రేకు, దానికి పదిహేను పళ్ళు. మందపాటి కాగితం పట్టీ మీద పదిహేను గీతలు గీసి, ఏ గీత మీద చిల్లు పొడిస్తే ఆ పన్ను మోగుతుంది. పట్టీని ఒక పక్కనుంచి దూర్చి పిడి తిప్పితే చిల్లులన్నీ పాటగా మారి, పట్టీ రెండో పక్కనుంచి బయటికి వస్తుంది. పదిహేనింటిలో నట్టనడుమ ఉండే ఎనిమిదోది బాబాయికి గిట్టదు. పట్టీ నిండా మశూచి పోసినట్టు చిల్లులుంటే, ఎనిమిదో గీత మాత్రం అప్పుడే ఊడ్చిన వీధిలా ఖాళీగా ఉండేది.

"దానికి పొగరమ్మా," అనేవాడు నాతో. "నడుమ కూర్చున్నానని పొగరు. ఏ పాటైనా చివరికి నా దగ్గరికే వచ్చి కూర్చోవాలంటుంది. నా పాట ఎక్కడ కూర్చోవాలో నేను చెప్పాలి గాని అది చెప్పేదేమిటి?"

దాంతో బాబాయి కట్టిన పాటలేవీ ఎక్కడా కూర్చునేవి కావు. మెట్లు దిగుతూ దిగుతూ ఆఖరి మెట్టు లేదని తెలిసి కాలు గాల్లో ఆగిపోయినట్టు ఆగిపోయేవి. ఒకసారి సెలూను అరుగు మీద వాయిస్తే, లోపల గడ్డం గీస్తున్నాయన ఆ చివరి స్వరం కోసం చెయ్యెత్తి అలాగే ఉండిపోయాడు. కత్తి కింద మెడ పెట్టుకున్న పెద్దమనిషి, "అయ్యా, ఎలాగోలా ఆ పాట ముగించండి, ఇంటికెళ్ళాలి," అని కుర్చీలోంచే బతిమాలుకున్నాడు.

వైరం పెట్టెతో ఆగలేదు. మా వీధి చివర బేకరీ తలుపుకి ఒక గంట ఉండేది. అదీ సరిగ్గా ఎనిమిదో స్వరమే పలుకుతుందని బాబాయి ఫిర్యాదు. రొట్టె కొనడానికి వెళితే తలుపు నాలుగంగుళాలు తెరిచి, గంట కదలకుండా పక్కవాటుగా దూరేవాడు. ఒకసారి బొత్తాం ఇరుక్కుని, లోపలికీ బయటికీ కాకుండా పావుగంట నిలబడ్డాడు. బేకరీ ఆయన విసుగెత్తి, "మీరు బయటే ఉండండి సార్, రొట్టె నేనే విసిరేస్తాను," అన్నాడు.

నేను గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చి వాళ్ళింట్లో ఉండడానికి వచ్చేసరికి ఈ తగాదాకి ఏడేళ్ళు నిండాయి. నాకు పుస్తకాలూ నిశ్శబ్దమూ ఉంటే చాలు. ఆ ఇంట్లో మొదటిది దొరికేది కాని, చదవబోతే చిల్లులుండేవి. కంటపడ్డ ప్రతి అట్టనీ బాబాయి పట్టీలుగా కోసేసేవాడు. ఇంట్లో కేలెండరుకి డిసెంబరు ఉండేది కాదు. మార్చిలోనే అది "తడిసిన గొడుగు" అనే పాటైపోయింది. "పై అధికారి బూట్లు" అని ఒక పెద్ద పాట ఉండేది. "మా ఆవిడ మౌనం" అని ఇంకొకటి. అది నాలుగు సెకన్లు.

"అంత పొట్టిదేమిటి బాబాయ్?" అని అడిగాను.

"ఉన్నంతవరకే కదమ్మా రాయగలను," అన్నాడు.

బాబాయి ఊరి నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. అక్కడి ఫైళ్ళ అట్టలు పాటలకి మహా అనువుగా ఉండేవి. ఒకరోజు పై అధికారి మూడో వీధి కొళాయి లీకు ఫైలు తెమ్మన్నాడు. ఆ ఫైలు అప్పటికే చిల్లులు పడి బాబాయి సంచీలో ఉంది. ఇంక దారి లేక పట్టీనీ పెట్టెనీ తీసుకెళ్ళి, "ఫైలు ఇదేనండి, కాస్త వినాలి," అని పిడి తిప్పాడు. అధికారి కళ్ళు మూసుకుని విని, "ఇందులో నీళ్ళు చాలా పోతున్నాయయ్యా," అని మరమ్మతుకి సంతకం పెట్టాడు. ఆ వారంలో బాగుపడిన కొళాయి అదొక్కటే.

పిన్ని ఇవన్నీ చూసి ఊరుకునే మనిషి కాదు. "డిసెంబరులో పుట్టినవాళ్ళం ఏ నెలలో పెద్దవాళ్ళమవుతామండీ?" అని దెప్పేది. ఆవిడకి ఇల్లంతా అద్దంలా ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పసుప్పచ్చ గుడ్డతో అన్నీ తుడిచి, "నా చేతిలో ఇంతవరకు గాజు గ్లాసు కూడా పగల్లేదు," అని చెప్పుకునేది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అయినా చెప్పేది. వంటింటి గూట్లో మూత పెట్టిన గాజు గ్లాసొకటి ఎప్పుడూ ముప్పాతిక నీళ్ళతో ఉండేది. దాహమేసి నేనొకసారి అవి తాగేస్తే, ఆస్తి తగలేసినట్టు మూడు రోజులు మాట్లాడలేదు. బాబాయి వీధిగదిలో కొత్త పాట తిప్పుతుంటే వంటింట్లోంచి అప్పుడప్పుడూ టింగుమని వినపడేది. గిన్నెలు కడుగుతోందనుకునేదాన్ని.

ఒక్క సంగతి మాత్రం వింతగా ఉండేది. మామూలు రోజుల్లో బాబాయి రెండో కాఫీ అడిగితే కాఫీ రాదు, చూపు వచ్చేది. ఆదివారం మాత్రం అడక్కుండానే వచ్చేది.

ఆదివారం బాబాయి పార్కు కచేరీ రోజు. పెట్టె గొంతు దోమ గొంతు కంటే కొంచెమే పెద్దది. అందుకని సబ్బుల దుకాణంవాళ్ళు పారేసిన చెక్కపెట్టె చంకలో పెట్టుకెళ్ళి, దాన్ని బోర్లించి, దానిమీద ఈ పెట్టె నిలబెట్టేవాడు. అప్పుడు రెండు దోమలంత వినపడేది. గేటు పక్కన, సైకిళ్ళ స్టాండు దగ్గర వాయించేవాడు. గాలి ఎదురు తిరిగితే వాయించేవాడికి కూడా వినపడేది కాదు. ఖాయంగా వినేది పార్కు వాచ్‌మన్ ఒక్కడే. పాట ఆగిపోయిన ప్రతిసారీ నోరు తెరుచుకుని, ఇంకా ఏదో వస్తుందని పాపం ఎదురుచూసేవాడు.

నేనొచ్చిన నాలుగో ఏడు పార్కు నడుమ గుండ్రటి వేదిక కట్టడం మొదలుపెట్టారు. చెక్క నేల, పైన గొడుగులాంటి కప్పు. బాబాయి ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్ళి, వడ్రంగులు పలకలు పరుస్తుంటే ఒక్కో పలకనీ వేలితో కొట్టి చెవి ఆనించేవాడు. "దీనిమీద పెడితే మన పెట్టె ఏనుగులా అరుస్తుందమ్మా," అనేవాడు. ఆయన జీవితంలో పదోన్నతి కోసం కూడా అంత ఆశపడగా నేను చూడలేదు.

పార్కు సంఘం అధ్యక్షుడు మా వీధి పళ్ళ డాక్టరు. వేదిక ప్రారంభానికి వారం ముందు ఆయనే మా ఇంటికి వచ్చాడు.

"పది నిమిషాలు మీకిస్తాను," అన్నాడు. "కాని ఒక షరతు. మీ పాట విన్న ప్రతిసారీ పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. పళ్ళ డాక్టర్ని, నాకే అలా ఉంటే జనం సంగతేమిటి? ఆ నడుమ స్వరమేదో పెట్టండి. పాటని ఇంటికి చేర్చండి."

"దానికీ నాకూ మాటల్లేవండీ," అన్నాడు బాబాయి.

"కలుపుకోండి. లేకపోతే ఆ పది నిమిషాలూ ఈలపాట ఆయనకిస్తాను."

డాక్టరు వెళ్ళాక బాబాయి చాలాసేపు సబ్బుల పెట్టె మీద కూర్చున్నాడు. "వేదిక వద్దని చెప్పేస్తాను," అన్నాడు చివరికి. అన్నిటికీ దెప్పే పిన్ని ఒక్క మాట అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఏడాదంతా కలగన్న వేదికని ఒక చిల్లు పొడవలేక వదులుకోవడమేమిటి? శనివారం గ్రంథాలయం ఒంటిపూట. బాబాయి ఆఫీసు నుంచి వచ్చేలోపు ఆయన కొత్త పట్టీ తీసి, ఎనిమిదో గీత మీద నేనే చిల్లులు పొడిచేశాను. నాకు సంగీతం రాదు గాని, నాలుగేళ్ళ ఆదివారాలు విన్నాక ఖాళీ ఎక్కడుందో తెలియకుండా ఉంటుందా? దూర్చి పిడి తిప్పాను. పాట వచ్చింది. నా చిల్లు దగ్గరికి రాగానే 'టిక్' అని ఎండుపుల్ల విరిగిన చప్పుడు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ టిక్. తలపిన్నుతో పెట్టె అడుగు తెరిచి చూస్తే ఎనిమిదో పన్ను మొదలుకంటా లేదు.

అప్పుడే బాబాయి టిఫిను డబ్బాతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"పన్ను విరిగిపోయి ఉంది బాబాయ్."

"గట్టిగా అనకు," అని వంటింటి వైపు చూశాడు.

"ఎవరు విరగ్గొట్టారు?"

"ఎవరూ విరగ్గొట్టలేదు. అది విరిగింది."

"బాబాయ్."

టిఫిను డబ్బా కింద పెట్టి కూర్చున్నాడు. "కొన్న మూడో రోజు. నేనొచ్చేసరికి పెట్టె అలమరలో వెనక్కి తిరిగి ఉంది. మీ పిన్ని అడక్కుండా రెండో కాఫీ ఇచ్చింది. పద్నాలుగేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. ఇంక పెట్టె తెరిచి చూడక్కర్లేకపోయింది."

"అడిగేస్తే సరిపోయేది కదా."

"ఏమని అడగను? గాజు గ్లాసు కూడా పగల్లేదని చెప్పుకునేటప్పుడు ఆవిడ మొహం చూశావా? మా పై అధికారికి జీతం పెరిగినప్పుడు కూడా అంత వెలుగు లేదు. ఇనుప ముక్క కోసం ఆ మాట లాగేసుకోమంటావా?"

"పోనీ, బాగుచేయించవచ్చుగా."

"పంపితే పాడైందని తెలుస్తుంది. కొత్తది కొంటే పాతదానికేమైందంటుంది. అదే తగాదా అనుకో, ఎవరికీ అనుమానం రాదు. మీ బాబాయికి పిచ్చి అంటారు, అంతే కదా. అది ఎలాగూ అనేవాళ్ళే."

"మరి ఆ బేకరీ గంట?"

బాబాయి గొంతు ఇంకా తగ్గించాడు. "నిజం చెప్పనా? ఆ గంటంటే నాకు ప్రాణం. పదకొండేళ్ళయింది చెవులారా విని."

వంటింట్లోంచి ఏ చప్పుడూ రాలేదు. పిన్ని ఉన్న వంటింట్లో చప్పుడు లేకపోవడమేమిటని నేను ఆలోచించి ఉండవలసింది.

మర్నాడు ఆదివారం, వేదిక ప్రారంభం. సాయంత్రం రెండో కాఫీ వచ్చింది. వెనకాలే మూడోది కూడా వచ్చింది. బాబాయి కంగారుగా అలమర వైపు చూశాడు. అన్నీ ఉన్నాయి. "జాగ్రత్తగా వెళ్ళిరండి," అంది పిన్ని.

పార్కు కిటకిటలాడుతోంది. బాబాయి వేదిక వైపు చూడకుండా సైకిళ్ళ స్టాండు దగ్గర తన సబ్బుల పెట్టె బోర్లించుకున్నాడు. వేదిక మీద డాక్టరు మైకు ముందు నిలబడి ఈలపాట ఆయన్ని పిలవబోతున్నాడు. అంతలో జనం రెండుగా చీలిపోయారు. చూస్తే నడుమనుంచి మా పిన్ని. రెండు చేతులా గాజు గ్లాసు పట్టుకుని, చుక్క తొణకకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. కొంగున ఒక చెంచా దోపుకుంది. నేరుగా వేదిక ఎక్కింది.

"డాక్టరు గారూ, మీరడిగిన స్వరం తెచ్చాను. ఆయన్ని పిలవండి."

"తెచ్చారా? దేంట్లో?"

"గ్లాసులో."

మైకు అది కూడా ఊరందరికీ వినిపించింది. బాబాయిని జనమే ఎక్కించారు. బుల్లిపెట్టెని కొత్త చెక్క మీద పెట్టి, నేను చిల్లులు పొడిచిన పట్టీనే దూర్చి, పిన్ని వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"నువ్వు... ఎప్పటినుంచి..."

"జనం చూస్తున్నారు. తిప్పండి."

తిప్పాడు. పెట్టె నిజంగానే ఏనుగులా కాకపోయినా, ఏనుగు పిల్లలా పలికింది. పాట మెట్లు దిగింది. సెలూను ఆయన చెయ్యి గాల్లోకి లేచింది. వాచ్‌మన్ నోరు తెరిచాడు. పెట్టెలో టిక్ అంది. గ్లాసు మీద చెంచా, టింగ్. సరిగ్గా అదే స్వరం, బేకరీ గంటంత స్వచ్ఛంగా. వాచ్‌మన్ ఇన్నేళ్ళకి నోరు మూశాడు.

బాబాయి చెయ్యి ఆగిపోయింది.

"ఆపకండి, నాకు వరస తప్పుతుంది," అంది పిన్ని, కళ్ళు గ్లాసు మీంచి తియ్యకుండా.

టిక్ అన్నచోటల్లా టింగుమంది. పార్కులో ఒక్కొక్కళ్ళే వెనక్కి జారగిలబడ్డారు, పదకొండేళ్ళుగా నిలబడ్డవాళ్ళకి ఇప్పుడే కుర్చీ దొరికినట్టు. ఆఖరి స్వరం వచ్చింది. పిన్నికి కూడా ఉత్సాహం ఎక్కువైనట్టుంది, చెంచా కాస్త గట్టిగా తగిలింది. టింగ్ అంటూనే గ్లాసు నిలువునా చీలి, నీళ్ళు కొత్త చెక్క మీద పారాయి.

పిన్ని చేతిలో మిగిలిన అడుగు ముక్కని చూస్తూ ఉండిపోయింది. డాక్టరు ఏదో అనబోయాడు. బాబాయి ఆయన ముందునుంచి మైకు లాక్కున్నాడు.

"చూశారా? ఆ స్వరం జోలికి వెళ్ళొద్దని పదకొండేళ్ళుగా మొత్తుకుంటున్నాను. దాని పొగరుకి గాజు కూడా నిలవదు. మా ఆవిడ చేతిలో ఇంతవరకు ఒక్క గ్లాసు పగిలితే ఒట్టు. కావాలంటే మా అమ్మాయిని అడగండి."

వందమంది నా వైపు తిరిగారు. జీవితంలో పదిమంది ముందు నోరెత్తని నేను లేచి, "అవునండీ, స్వరానిదే తప్పు," అన్నాను.

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఇంటికెళుతూ బాబాయి బేకరీ దగ్గర ఆగాడు. తలుపు బార్లా తెరిచాడు. గంట మోగింది. మూసి మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మోగింది. నాలుగోసారికి లోపల్నుంచి బేకరీ ఆయన, "లోపలికొస్తారా, గంట కూడా విసిరెయ్యమంటారా?" అన్నాడు.

"పదండి, ఇంటికెళ్ళి కాఫీ ఇస్తాను," అంది పిన్ని.

బాబాయి ఠక్కున ఆగి, "ఇప్పుడేం విరిగింది?" అన్నాడు.

"ఏమీ విరగలేదు," అంది పిన్ని.